మూలికల నిజం తేల్చిన రామ్‌నాథ్ చోప్రా

పెరటి కంచెల మీద, పాడుబడిన గోడల మీద ఎవరూ నాటకుండానే అల్లుకొనే తీగ దొండ. కన్నడిగులు దీనిని తొండె అంటారు. తమిళులకు ఇది కోవై, మరాఠీవారికి తోండ్లీ, ఒడిశాలో కుందురి. పేరు ఏదైనా కూర మాత్రం అందరి ఇళ్ళలోనూ ఉడుకుతుంది. ఎర్రగా పండిన దొండపండును మన కవులు అందమైన పెదవికి పోలికగా చెప్పారు. కవులు పండును చూస్తే, వైద్యులు ఆకును చూశారు. కాయ చేదుగా ఉండే అడవి దొండ ఆకుల రసం మధుమేహానికి మంచి మందని బెంగాల్ ప్రాంతంలో చాలాకాలంగా ఒక నమ్మకం ఉండేది. అక్కడ దాని పేరు తేలాకుచ.

ఆ నమ్మకం ఎంతవరకు నిజమో తేల్చడానికి 1920 తరువాతి సంవత్సరాలలో కలకత్తా నగరంలో ఒక వైద్యుడు పూనుకొన్నారు. ఆ ఆకు నిజంగా పనిచేస్తే బాగుండునని ఆయన మనసారా కోరుకొన్నవారే. అయినా కోరిక వేరు, పరీక్ష వేరు అని ఎరిగిన వ్యక్తి. ఆయనే భారతదేశంలో ఆధునిక ఔషధశాస్త్రానికి పునాది వేసిన కర్నల్ రామ్‌నాథ్ చోప్రా.

రామ్‌నాథ్ చోప్రా 1882 ఆగస్టు 17వ తేదీన పంజాబులోని గుజ్రాన్‌వాలాలో జన్మించారు. ఆ పట్టణం ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. లాహోరులోని ప్రభుత్వ కళాశాలలో చదువు ముగించుకొని, ఉన్నత విద్య కోసం ఇంగ్లండు వెళ్ళారు. 1903లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలోని డౌనింగ్ కళాశాలలో చేరారు. ప్రకృతిశాస్త్రాలు చదివి, ఆ తరువాత లండను నగరంలోని సెయింట్ బార్తలోమ్యూ ఆసుపత్రిలో వైద్యశిక్షణ పొందారు.

కేంబ్రిడ్జిలో ఆయన జీవితాన్ని మలుపు తిప్పినది వాల్టర్ డిక్సన్ అనే ఆచార్యునితో పరిచయం. డిక్సన్ ఔషధశాస్త్రం బోధించేవారు. ఆ రోజులకు అది కొత్త శాస్త్రం. ఏ జబ్బుకు ఏ మందు ఇవ్వాలో చెప్పే గ్రంథాలు అంతకుముందే కొల్లలుగా ఉన్నాయి. కాని లోపలికి వెళ్ళిన మందు గుండెను ఏం చేస్తుంది, నరాలను ఏం చేస్తుంది, ఎంత మోతాదులో మేలు చేస్తుంది, ఎంత మోతాదు దాటితే విషమవుతుంది అనే ప్రశ్నలను ప్రయోగశాలలో ఒక్కొక్కటిగా పరిశీలించి జవాబు చెప్పడం ఈ శాస్త్రం పని. డిక్సన్ ప్రయోగశాలలో పనిచేసిన యువకుడు చోప్రాకు ఆ పద్ధతి ఒంటబట్టింది.

1908లో ఆయన ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరారు. అది సైన్యానికి అనుబంధమైన వైద్య ఉద్యోగం. అందులో భారతీయులు తక్కువగా ఉండిన కాలమది. మొదటి ప్రపంచయుద్ధంలో తూర్పు ఆఫ్రికాలోనూ, ఆ పిమ్మట 1919 నాటి ఆఫ్ఘన్ యుద్ధంలోనూ ఆయన పనిచేశారు. ఇలా పదమూడేళ్ళు గడిచిపోయాయి. డిక్సన్ దగ్గర నేర్చుకొన్న విద్యకు ఆ ఉద్యోగంలో చోటు లేదు. వేరొకరైతే ఆ విద్యను మరచిపోయి ఉండేవారే.

1921లో కలకత్తాలో ఉష్ణమండల వైద్య కళాశాల తెరుచుకొంది. లియొనార్డ్ రోజర్స్ అనే వైద్యుడు ఏళ్ళ తరబడి పట్టుబట్టి సాధించిన సంస్థ అది. మలేరియా, కాలా అజార్, కలరా, కుష్ఠు వంటి మన దేశపు వ్యాధులను మన దేశంలోనే పరిశోధించడం దాని ఉద్దేశం. పక్కనే కార్మైకేల్ ఆసుపత్రి ఉండేది. అంటే ప్రయోగశాల, రోగి ఒకేచోట ఉన్నారన్నమాట. ఆ కళాశాలకు తొలి ఔషధశాస్త్రాచార్యులుగా చోప్రా నియమితులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు 39 ఏళ్ళు. అక్కడే ఇరవయ్యేళ్ళు పనిచేశారు.

ఆ కాలంలో మన దేశపు మందుల పరిస్థితి విచిత్రంగా ఉండేది. ఇక్కడి అడవులలో పెరిగే ముషిణి గింజలు, ఇంకా ఎన్నో వేర్లు, పట్టలు చౌకగా ఓడలకెక్కి ఐరోపాకు వెళ్ళేవి. అక్కడ వాటి సారం తీసి, సీసాలలో నింపి, పేరు అంటించి తిరిగి పంపితే, అదే సరుకును మనవారు ఎన్నో రెట్లు ధర పెట్టి కొనేవారు. అంత ధర పెట్టలేని పల్లెవాసులు చెట్టుమందులతో సరిపెట్టుకొనేవారు. ఆ చెట్టుమందులలో కొన్ని అమృతంతో సమానమైనవి, కొన్ని వట్టి చెత్త, కొన్ని ప్రమాదకరమైనవి. ఏది ఏదో చెప్పేవారు లేరు. పాశ్చాత్య వైద్యం చదివినవారిలో చాలామంది వాటన్నిటినీ మూఢనమ్మకమని తోసిపుచ్చేవారు. సంప్రదాయ వైద్యులలో చాలామంది వాటన్నిటినీ ఋషివాక్యమని నెత్తిన పెట్టుకొనేవారు. పరీక్షించి చూద్దామన్నవారు బహు కొద్దిమంది.

చోప్రా తన ముందు మూడు పనులు పెట్టుకొన్నారు. మన మొక్కల నుంచే కావలసిన మందులు తయారుచేసుకొని దేశం తన కాళ్ళపై తాను నిలబడేలా చేయడం ఒకటి. ఆయుర్వేద, యునానీ వైద్యులు వాడే మూలికలలో నిజంగా గుణమున్నవాటిని ఏరి అందరికీ అందించడం రెండోది. పేదవాడు కొనగలిగే ధరకు మందు తేవడం మూడోది. చెప్పడానికి ఇవి తేలికే. కాని ఒక్క మొక్క సంగతి తేల్చాలంటే ఏళ్ళు పడుతుంది.

మొదట మొక్క సరైనదో కాదో చూడాలి. ఒకే పేరుతో ఒక జిల్లాలో ఒక మొక్కను, పక్క జిల్లాలో మరొక మొక్కను పిలుస్తారు. బజారులో మూలికలమ్మే దుకాణదారు ఇచ్చే ఎండుటాకు ఏ మొక్కదో అతనికే తెలియకపోవచ్చు. అందుకని వృక్షశాస్త్రజ్ఞుడు కావాలి. ఆ మొక్కను ఏ నెలలో కోశారు, లేతదా ముదురుదా, నీడలో ఆరిందా ఎండలో ఎండిందా అన్నదానిని బట్టి కూడా గుణం మారుతుంది. తరువాత రసాయనశాస్త్రజ్ఞుడు దానిని నీటిలో, సారాయిలో, ఈథరులో నానబెట్టి, ఒక్కొక్క ద్రవంలో ఏ పదార్థం కరిగి వచ్చిందో విడదీస్తాడు. ఆ సారాన్ని జంతువులకిచ్చి రక్తపోటు, ఊపిరి, గుండె కొట్టుకోవడం ఎలా మారుతున్నాయో కొలుస్తారు. హాని లేదని నమ్మకం కుదిరాకనే అది రోగి దగ్గరకు వస్తుంది. చోప్రా వృక్షశాస్త్రజ్ఞుడిని, రసాయనశాస్త్రజ్ఞుడిని, వైద్యుడిని ఒకే కప్పు కిందకు చేర్చారు. మన దేశంలో అది కొత్త ఏర్పాటు.

ఇక మధుమేహం సంగతి. మన పూర్వికులకు ఈ వ్యాధి బాగా తెలుసు. మూత్రం తీయగా మారుతుందని ప్రాచీన ఆయుర్వేద గ్రంథాలలోనే ఉంది. ఆ తీపిని బట్టే దానికి మధుమేహమనే పేరు వచ్చింది. మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో చేరుతుంది. ఆ చక్కెరను శరీరం వాడుకోవడానికి క్లోమగ్రంథిలో తయారయ్యే ఇన్సులిన్ అవసరం. ఇన్సులిన్ లేకపోయినా, చాలకపోయినా, ఉన్నది సరిగా పనిచేయకపోయినా చక్కెర రక్తంలోనే పేరుకుపోయి మూత్రంలో పోతుంది. ఇన్సులిన్ పూర్తిగా లేని పిల్లలు ఆ రోజులలో కొద్ది నెలలలో, మహా అయితే ఒకటి రెండేళ్ళలో చనిపోయేవారు.

చోప్రా కలకత్తాలో పని మొదలుపెట్టిన 1921వ సంవత్సరంలోనే కెనడాలోని టొరంటోలో బాంటింగ్, బెస్ట్ అనే ఇద్దరు కుక్కల క్లోమం నుంచి ఇన్సులిన్‌ను వేరుచేశారు. 1922 జనవరిలో 14 ఏళ్ళ లియొనార్డ్ థాంప్సన్ అనే బాలునికి దానిని తొలిసారిగా ఇచ్చారు. చావుకు దగ్గరైన ఆ బాలుడు లేచి కూర్చొన్నాడు. వైద్యచరిత్రలో అదొక గొప్ప ఘట్టం. కాని ఆ మందు సముద్రాలు దాటి మన దేశానికి వచ్చేసరికి ధర కొండెక్కి కూర్చొంది. పైగా దానిని చల్లని చోట దాచాలి, సూదితో పొడుచుకోవాలి, జీవితాంతం వాడాలి. కూలినాలి చేసుకొనేవారికి అది అందని పండు. ఇంటి వెనుక తీగ ఆకు ఆ పని చేయగలిగితే ఎంత మేలు జరుగుతుందో చోప్రాకు వేరే చెప్పనక్కరలేదు.

ఆయన, ఆయన సహచరుడు జె. పి. బోస్ కలిసి ముందుగా అడవి దొండ మీద పని చేపట్టారు. ఆకులను, కాండాన్ని, వేరును విశ్లేషించారు. పిండిపదార్థాన్ని జీర్ణం చేయగల ఒక ఎంజైము అందులో కనబడింది. ఆశ పుట్టించే విషయమే. కాని గాజు గొట్టంలో పిండిని కరిగించేది రోగి రక్తంలోని చక్కెరను కూడా తగ్గిస్తుందన్న హామీ ఏమీ లేదు. అందుకని మధుమేహ రోగులకు ఆకు రసం ఇచ్చి చూశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. దానిని గమనించడంలోనే ఈ పరీక్ష గొప్పతనం ఉంది. రోగి ఇంట్లో ఉన్నప్పుడు వేళాపాళా లేకుండా అన్నం, మిఠాయి తింటాడు. ఆసుపత్రిలో చేరగానే కొలిచిన పథ్యం పెడతారు. తిండి తగ్గితేనే చాలామందిలో చక్కెర తగ్గుతుంది. అదే రోజున ఆకు రసం కూడా మొదలుపెడితే, తగ్గుదల అంతా ఆకు మహిమే అనిపిస్తుంది. ఊరూరా చెట్టుమందులకు వచ్చిన పేరులో ఎంత భాగం ఇలా వచ్చిందో ఎవరు చెప్పగలరు? మందిచ్చిన వైద్యుడు కూడా పథ్యం చెప్పే ఉంటాడు గదా! అందుచేత చోప్రా, బోస్‌లు ముందు రోగులను ఒకే కొలతగల ఆహారం మీద ఉంచారు. రోజూ మూత్రంలో ఎంత చక్కెర పోతున్నదో, రక్తంలో ఎంత ఉన్నదో చూసి, ఆ లెక్క ఒకచోట నిలకడకు వచ్చేదాకా ఆగారు. అప్పుడు ఆహారం మార్చకుండా మందు ఒక్కటే చేర్చారు.

చక్కెర తగ్గలేదు. రక్తంలోనూ తగ్గలేదు, మూత్రంలోనూ తగ్గలేదు.

ఆ ఫలితాన్ని వారు 1925లో వైద్యపరిశోధన పత్రికలో ప్రకటించారు. దేశీయ మూలికల ఘనతను లోకానికి చాటాలని బయలుదేరిన మనిషికి ఇటువంటి ఫలితం రుచించేది కాదు. దానిని బల్ల సొరుగులో పడవేసి మరో మొక్కను చేపట్టవచ్చు. అలా చేస్తే అడిగేవారెవరూ లేరు. కాని ఆకును నమ్ముకొని ఇన్సులిన్ మానేసిన రోగి పరిస్థితి ఏమవుతుంది? చోప్రా ఆ ఫలితాన్ని దాచలేదు, మెత్తబరచి చెప్పలేదు.

తరువాత వంతు పొడపత్రిది. ఇది దక్కన్ ప్రాంతపు అడవులలో, కొండలలో పెరిగే తీగ. కన్నడంలో దీనిని మధునాశిని అనీ, తమిళంలో శిరుకురింజాన్ అనీ అంటారు. హిందీలో గుడ్‌మార్ అంటారు, అంటే బెల్లాన్ని చంపేది అని అర్థం. దీని ఆకును కాసేపు నమిలి, ఆపైన చక్కెర నోట్లో వేసుకొంటే ఇసుక వేసుకొన్నట్లుంటుంది. తీపి ఏమాత్రం తెలియదు. కొంతసేపటికి మళ్ళీ నాలుక మామూలు స్థితికి వస్తుంది. పందొమ్మిదో శతాబ్దంలో ఈ వింత తెల్లదొరల చెవినపడింది. నీలగిరులలోని ఉదకమండలంలో ప్రభుత్వ రసాయనశాస్త్రజ్ఞుడుగా పనిచేసిన డేవిడ్ హూపర్ 1887లో ఈ ఆకులోని ఆమ్లాన్ని వేరుచేసి, దానికి జిమ్నెమిక్ ఆమ్లమని పేరు పెట్టాడు.

నాలుక మీద తీపిని చంపే ఆకు ఒంట్లో ఉన్న తీపిని కూడా చంపుతుందని జనం అనుకొన్నారు. వినడానికి సబబుగానే ఉంది. కాని నాలుక మీద జరిగేది ఒకటి, క్లోమంలో జరిగేది మరొకటి. రుచి తెలియనంత మాత్రాన చక్కెర మాయం కాదు. చోప్రా, బోస్, చటర్జీ కలిసి ఈ ఆకును కూడా దొండ ఆకు మాదిరిగానే పరీక్షించారు. 1928లో వెలువడిన వారి పరిశోధనలో ఈ ఆకు కూడా రోగుల చక్కెరను తగ్గించినట్లు కనబడలేదు.

అయితే కథ అక్కడితో ముగియలేదు. 1930లో మ్హస్కర్, కాయస్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు అదే పొడపత్రి మీద తమ పరిశోధనను ప్రకటించారు. జంతువులలో ఈ ఆకు చక్కెరను తగ్గిస్తున్నదనీ, అది క్లోమాన్ని ప్రేరేపించడం వల్ల జరుగుతున్నదనీ వారు చెప్పారు. ఒకే ఆకుకు రెండు తీర్పులు! ఆకు కోసిన ప్రాంతం వేరా, సారం తీసిన పద్ధతి వేరా, మోతాదు వేరా, జంతువుకూ మనిషికీ ఉన్న భేదమా? శాస్త్రంలో ఇటువంటి తగవులు పంచాయితీలో తీరవు, మళ్ళీ మళ్ళీ చేసిన పరీక్షలతోనే తీరుతాయి.

ఇదంతా చదివి చోప్రా మూలికలకు వ్యతిరేకి అనుకొంటే పొరపాటు. పరీక్షలో నెగ్గిన మూలికలను ఆయన అంతే గట్టిగా బలపరిచారు. జిగట విరేచనాలకు మన పల్లెల్లో కొడిశపాల చెట్టు పట్టను కషాయం కాచి ఇస్తారు. ఆ పట్టకు నిజంగా గుణముందని ఆయన పరిశోధనలు తెలిపాయి. ఉబ్బసానికి వాడే ఎఫిడ్రిన్‌ను చైనాలో పెరిగే మొక్క నుంచి తీసేవారు. హిమాలయాల వాయవ్య ప్రాంతంలో పెరిగే దాని జాతి మొక్కల్లోనూ ఆ పదార్థం ఉన్నదని ఆయన చూపించారు. బొల్లికి వాడే బావంచి గింజలను పరీక్షించారు. సర్పగంధి వేరు రక్తపోటును తగ్గించే తీరును ఆయన, ఆయన సహచరులు 1933లో వివరించారు. మన దేశంలో ఇంకా కొందరు శాస్త్రజ్ఞులు కూడా ఆ వేరు మీద అప్పటికే పనిచేస్తుండేవారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ తన రోగులలో దాని ఫలితాలను ఇంగ్లండు పత్రికలో ప్రకటించిన తరువాత ప్రపంచం కళ్ళు తెరిచింది. 1952లో స్విట్జర్లాండులో దాని నుంచి రిసెర్పిన్‌ను వేరుచేశారు. మన పల్లెల వేరు ఎన్నో దేశాలలో రక్తపోటు మాత్ర అయింది.

1933లో చోప్రా రచించిన ‘ఇండిజినస్ డ్రగ్స్ ఆఫ్ ఇండియా’ అనే గ్రంథం వెలువడింది. అప్పటి వరకు జరిగిన పరిశోధనలన్నీ అందులో ఒకచోట చేరాయి. ఏ మూలిక పనిచేస్తుంది, ఏది పనిచేయదు, దేనిని ఇంకా పరిశోధించాలి అనే విషయాలను మొహమాటం లేకుండా రాశారు. మొక్కలకు వివిధ భారతీయ భాషలలో ఉన్న పేర్లు కూడా ఇచ్చారు. వాటిలో తెలుగు పేర్లూ ఉన్నాయి. 1956లో నాయర్, ఐ. సి. చోప్రాలతో కలిసి ఆయన మన ఔషధమొక్కల పదకోశాన్ని ప్రచురించారు. వైద్య కళాశాలల్లో, పరిశోధనశాలల్లో ఈ రెండూ ఈనాటికీ చేతికందే చోట ఉంటాయి.

మందులను పరీక్షించే మనిషికి ఇంకో దారుణం కూడా కంటబడింది. ఆ రోజులలో మన బజారులో అమ్మే మందుల మీద ఏ అదుపూ లేదు. మలేరియా రోగికి ఇచ్చే క్వినైన్ మాత్రలో క్వినైన్ ఉండవలసినంత ఉండేది కాదు. విదేశాలలో చెల్లని సరుకు ఇక్కడ చెల్లేది. చట్టసభలో, పత్రికలలో గొడవ పెరిగాక ప్రభుత్వం 1930లో మందుల విచారణ సంఘాన్ని వేసి, దానికి చోప్రాను అధ్యక్షుడిగా నియమించింది. సంఘం దేశంలో వివిధ ప్రాంతాలవారి సాక్ష్యాలు సేకరించి 1931లో నివేదిక ఇచ్చింది. మందుల తయారీకి, అమ్మకానికి చట్టం ఉండాలి. నాణ్యత చూడడానికి ప్రయోగశాలలు ఉండాలి. మందు కలిపి ఇచ్చేవాడు ఆ విద్య చదివినవాడై ఉండాలి. నివేదికలో ముఖ్యమైన అంశాలు ఇవి. తొమ్మిదేళ్ళ తరువాత, 1940లో మందుల చట్టం వచ్చింది. ఫార్మసీ చట్టం రావడానికి 1948 దాకా పట్టింది. ఈలోగా 1937లో కలకత్తాలో మందుల నాణ్యతను కొలిచే ప్రయోగశాల ఏర్పడితే, దానికీ చోప్రానే పెద్దగా ఉన్నారు. మనం మందుల దుకాణంలో కొనే మాత్రల పెట్టె మీద తయారైన తేదీ, చెల్లిపోయే తేదీ, తయారుచేసినవారి పేరు ముద్రించి ఉంటాయి. వాటి వెనుక ఆ పాత నివేదిక ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

1941లో బ్రిటిష్ ప్రభుత్వం ఆయనకు సర్ బిరుదు ఇచ్చింది. ఆ ఏడే కలకత్తాలో ఉద్యోగవిరమణ చేశారు. విశ్రాంతి తీసుకొనే వయసు వచ్చినా విశ్రాంతి తీసుకోలేదు. జమ్మూ కాశ్మీర్ సంస్థానంలో మందుల పరిశోధనశాలకు నాయకత్వం వహించారు. హిమాలయాల మొక్కలు ఆయనకు ఇప్పుడు చేతికందే దూరంలో ఉన్నాయి. ఆ పరిశోధనశాలను 1957లో శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనామండలి తీసుకొంది. అదే పెరిగి జమ్మూలో ఒక పెద్ద జాతీయ సంస్థ అయింది. 1948లో పాట్నాలో జరిగిన భారత సైన్స్ కాంగ్రెసుకు చోప్రా అధ్యక్షత వహించారు. స్వదేశీ వైద్యవిధానాలపై ప్రభుత్వం 1946లో వేసిన సంఘానికి కూడా ఆయనే అధ్యక్షులు. పాత వైద్యాన్నీ కొత్త వైద్యాన్నీ ఒకచోట బోధించి రెంటిలోని మేలును కలపాలని 1948లో ఆ సంఘం సూచించింది. ఆ సూచనలు పూర్తిగా అమలు కాలేదు. పథకాలకన్నా పరీక్షలలోనే చోప్రా చెయ్యి బాగా ఆడిందనాలి.

ఔషధమొక్కల పదకోశానికి 1969లో అనుబంధం వచ్చినప్పుడు ఆయన ఎనభై ఏడో పడిలో ఉన్నారు. రచయితల పేర్లలో అప్పటికీ ఆయన పేరుంది. 1973 జూన్ నెలలో, తొంభై ఏళ్ళు నిండిన తరువాత ఆయన కన్నుమూశారు. 1983లో భారత ప్రభుత్వం ఆయన బొమ్మతో తపాలాబిళ్ళ విడుదల చేసింది.

ఆయన మొదలుపెట్టిన ప్రశ్న మాత్రం ఆయనతో పోలేదు. మొక్క నుంచి మధుమేహానికి మందు వస్తుందా అంటే, వచ్చిందనే చెప్పాలి. అయితే అది మన మొక్క కాదు. ఐరోపాలో గలీగా అనే మొక్కలో చక్కెరను తగ్గించే గ్వానిడిన్ జాతి పదార్థం ఉన్నట్లు కనుగొన్నారు. అది వాడడానికి విషపూరితం. దానికి దగ్గరి చుట్టమైన మెట్‌ఫార్మిన్‌ను 1922లో రసాయనశాలలో తయారుచేశారు. దానిని ఫ్రాన్సులో రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించింది 1957లో. ఇప్పుడు ప్రపంచమంతటా మధుమేహానికి ఎక్కువమంది వాడే మాత్రలలో అదొకటి. ఆకు నుంచి మాత్ర దాకా ప్రయాణం అంత పొడుగు.

మన తీగల సంగతికి వస్తే, 1990లో మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకులు పొడపత్రి ఆకుల సారంపై తమ ఫలితాలు ప్రకటించారు. 22 మంది రోగులకు తాము వాడే మాత్రలతోబాటు రోజుకు 400 మిల్లీగ్రాముల సారం 18 నుంచి 20 నెలల పాటు ఇచ్చారు. వారిలో చక్కెర తగ్గింది. 5 మంది మాత్రలు కూడా మానగలిగారు. కాని సారం లేని ఉత్త మాత్రలు తీసుకొన్నవారితో పోల్చి చూసిన పరీక్ష కాదది. ఫలితం ఆశ కలిగించింది కాని అనుమానాన్ని పూర్తిగా తీర్చలేదు.

దొండ ఆకును చోప్రా తీసివేసిన 83 ఏళ్ళ తరువాత, 2008లో బెంగళూరులోని వైద్యపరిశోధకులు దానిపై మరొక పరీక్ష ఫలితాలు ప్రకటించారు. 60 మందిని ఎంచుకొన్నారు. వారిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు రోజుకు ఒక గ్రాము దొండ సారం, రెండో జట్టుకు పైకి అలాగే కనబడే, మందు లేని పదార్థం 90 రోజులు ఇచ్చారు. ఎవరికి ఏది ఇస్తున్నారో రోగులకూ తెలియదు, ఇచ్చేవారికీ తెలియదు. ఆహారం గురించిన సలహా ఇద్దరికీ ఒక్కటే. చోప్రా తన రోగులను ఒకే పథ్యం మీద ఉంచింది కూడా ఇందుకే. తొంభై రోజుల తరువాత చూస్తే, సారం తీసుకొన్నవారిలో పరగడుపు చక్కెర 16 శాతం, తిన్న తరువాతి చక్కెర 18 శాతం రెండో జట్టుతో పోలిస్తే తగ్గాయి.

చోప్రా ఇచ్చింది పచ్చి ఆకు రసం, బెంగళూరువారు ఇచ్చింది సారాయితో తీసిన సారం. రోగులలోనూ తేడా ఉంది. బెంగళూరు పరీక్షకు తీసుకొన్నవారంతా వ్యాధి కొత్తగా బయటపడినవారు, ఇంకా మందుల అవసరం రాక, ఆహార నియమంతోనే గడుపుతున్నవారు. వ్యాధి ముదిరినవారిని, ఇన్సులిన్ మీద ఉన్నవారిని అందులో చేర్చుకోలేదు.